గాలి వాటా

టోకెన్ ముప్పై ఏడు. ముప్పై ఒకటో నంబరు మనిషి లోపలికి వెళ్ళి అప్పుడే ఇరవై నిమిషాలైంది, ఇంకా బయటికి రాలేదు. లోపల ఏం ఉద్ధరిస్తున్నారో తెలియదు అనుకుందామంటే అదీ కుదరదు, బెంచీల మీద కూర్చున్నవాళ్ళందరికీ అక్షరం పొల్లుపోకుండా వినబడుతూనే ఉంది, ఎందుకంటే అధికారి గది తలుపు మూసుకోదు. పైన బిగించిన స్ప్రింగు ఏనాడో విరిగింది. వేసిన ప్రతిసారీ తలుపు మూతపడినట్టే పడి, ఏదో మరిచిపోయినట్టు మూరెడు వెనక్కి వచ్చి ఆగుతుంది. దాని మీద మాత్రం 'నియంత్రిత రసాయనాల విభాగం' అని ఇత్తడి అక్షరాలు. తలుపునే నియంత్రించుకోలేనివాళ్ళు ఊళ్ళో ఉన్న సీసాలన్నిటినీ నియంత్రిస్తారట, అనుకుంది స్టోరక్క, అనుకుని, ఆ మాట పైకి అనేశానా అని పక్కకి చూసింది. పక్కనున్నాయన కునికిపాట్లు పడుతున్నాడు. నయం. స్టోరక్క అనేది ఆమె పేరు కాదు. ఫైబర్ నీళ్ళ ట్యాంకులు చేసే కార్ఖానాలో పంతొమ్మిదేళ్ళుగా స్టోర్ గది తాళంచెవి ఆమె నడుముకే ఉంటుంది కాబట్టి మేస్త్రీ దగ్గర్నుంచి యజమాని దాకా అందరూ అలాగే పిలుస్తారు, ఎగతాళికి తమ్ముడు కూడా. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో లావుపాటి పాత రిజిస్టరు, రిజిస్టరులో మడిచిపెట్టిన రెండు కాగితాలు. ఒకటి ఈ ఆఫీసువాళ్ళు పంపిన నోటీసు. రెండోది యజమాని టైపు కొట్టించి ఇచ్చిన జవాబు, దాని కింద ఆమె సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో ఒక ఇంటూ గుర్తు. సంతకం ఇంకా పెట్టలేదు. కళ్ళజోడు లేదు. కళ్ళజోడు తమ్ముడి స్కూటరు డిక్కీలో ఉంది, స్కూటరు తమ్ముడితో పాటు రెండు వీధుల అవతల ఎవరిదో కుట్టుమిషను బాగుచేయడానికి వెళ్ళింది. ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నా అక్కా, అరగంట" అన్నాడు. వాడి అరగంటల సంగతి ఆమెకు తెలియనిది కాదు.

నోటీసు చదవడానికి కళ్ళజోడు అక్కర్లేదు, పదిహేను రోజులుగా చదివి చదివి కంఠతా వచ్చేసింది. గత పద్దెనిమిది సంవత్సరముల రిజిస్టర్ల ప్రకారం అసిటోన్ ఆవిరి నష్టం సున్న, ప్రస్తుత సంవత్సరమునకు పద్నాలుగు లీటర్ల ఆరు వందల మిల్లీలీటర్లు, ఇట్టి వ్యత్యాసమునకు తగు వివరణ ఇవ్వనియెడల లైసెన్సు రద్దుపరచి తదుపరి చర్య తీసుకొనబడును. తదుపరి చర్య అంటే ఏమిటో రాయలేదు, రాయకపోవడంలోనే ఉంది దాని దెబ్బంతా. ఇంతకీ అసిటోన్ ఏమన్నా బ్రహ్మపదార్థమా. చూడటానికి నీళ్ళలా ఉంటుంది, బ్రష్షులకీ రోలర్లకీ పట్టిన జిగురు కడగడానికి వాడతారు, పూటకి పూట కడగకపోతే అవి రాయిలా బిగుసుకుపోయి చెత్తబుట్టకి పనికొస్తాయి. రోజుకో లీటరు చాలు. ఆ లీటరే తప్పుడు చేతుల్లో పడితే మత్తుమందు తయారుచేసేవాళ్ళకీ పనికొస్తుందట, అందుకని ప్రతి చుక్కకీ రాత, ప్రతి రాతకీ మూడు ప్రతులు, ప్రతి ప్రతికీ ముద్ర. సరే, రాద్దాం, ఎవరు కాదన్నారు, పంతొమ్మిదేళ్ళుగా రాయడం తప్ప ఆమె చేసిందేముంది. చిక్కల్లా ఎక్కడంటే, రాసినంత సేపూ అది రాతలో ఉంటుంది గానీ డ్రమ్ములో ఉండదు. మూత తీస్తే పోతుంది, పోస్తే పోతుంది, పోస్తున్నప్పుడు పక్కనున్నవాడు తుమ్మితే పోతుంది. పాత రిజిస్టరులో మూడే గడులు: వచ్చింది, ఇచ్చింది, మిగిలింది. వచ్చినదాంట్లోంచి ఇచ్చింది తీసేస్తే మిగిలింది రావాలి. రాదు. ఏ నెలా రాదు.

రాదని ఆమెకు మొదటి నెలలోనే తెలిసింది. అప్పుడు స్టోరు చూసే ముసలాయన్ని అందరూ కొలకర్ర తాత అనేవాళ్ళు, డ్రమ్ములో ముంచి చూసే గాట్ల కర్ర ఆయన చంకలోనే ఉండేది, భోజనానికి కూర్చున్నా ఒళ్ళో పెట్టుకునేవాడు. నెలాఖరున లెక్క లీటరుంపావు తక్కువొస్తే ఆమెకు చెమటలు పోశాయి, కొత్త ఉద్యోగం, దొంగ అంటారేమోనని. తాత నిమ్మకు నీరెత్తినట్టు కర్ర తుడుచుకుంటూ, "అది గాలి వాటా అమ్మా" అన్నాడు. "గాలి తన వాటా తీసుకోక మానదు. తీసుకున్నట్టు నువ్వు రాస్తే ఆఫీసువాళ్ళు ఊరుకోరు. అందుకని నువ్వే ముందుగా పంచిపెట్టెయ్." పంచిపెట్టడమంటే, లీటరు ఇచ్చిన రోజున లీటరు యాభై అని రాయడం. రోజుకో యాభై మిల్లీలీటర్లు అలా కలుపుకుంటూ పోతే నెలాఖరుకి కర్రా రిజిస్టరూ ఒకే మాట చెబుతాయి. ముందు చిత్తుకాగితం మీద అసలు లెక్క వేసుకోవాలి, ఎంత తగ్గిందో చూసుకోవాలి, దాన్ని రోజులకి పంచి రిజిస్టరులో రాసి, చిత్తుకాగితం చింపి పారేయాలి. ఆఖరిది మరిచిపోకూడదు, అన్నాడు తాత. ఆమె ఏ నెలా మరిచిపోలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళందరూ రిజిస్టరు చూసి, ఇంత శుభ్రమైన లెక్క ఎక్కడా చూడలేదమ్మా అనేవాళ్ళు, ఒకాయనైతే వేరే కార్ఖానాలవాళ్ళకి చూపించడానికి ఫొటో కూడా తీసుకెళ్ళాడు. ఆ ఫొటో ఇప్పుడు ఏ ఫైల్లో ఉందో.

ఈ ఏడాది కొత్త ఫారం వచ్చింది. తొమ్మిదో గడి: ఆవిరి నష్టం, వాస్తవ పరిమాణం. వాస్తవ అనే మాట కింద గీత కూడా గీసి పంపారు. ఆ గడి చూసి ఆమెకు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. హమ్మయ్య, ఇన్నాళ్ళకి వీళ్ళకి గాలి ఉందని తెలిసింది, అనుకుంది. పన్నెండు నెలలు పంపకం మానేసి, లీటరు ఇస్తే లీటరు రాసి, తగ్గింది తగ్గినట్టు తొమ్మిదో గడిలో రాసి, ఎంతో నిశ్చింతగా ముద్ర కొట్టి పంపింది. నిజం రాయమన్నారు, రాసింది, ఇప్పుడు ఎందుకు రాశావని రమ్మన్నారు. పద్దెనిమిదేళ్ళు అబద్ధం రాస్తే ఫొటోలు తీసుకున్నారు, ఒక్క ఏడు నిజం రాస్తే నోటీసు ఇచ్చారు. ఎవరితో మొత్తుకోవాలి ఈ సంగతి. యజమానితో మొత్తుకుంటే ఆయన నుదురు కొట్టుకుని, "ఆ గడిలో సున్న పెడితే నీ సొమ్మేం పోయేదే స్టోరక్కా" అన్నాడు. ఆ తర్వాత ఈ జవాబు టైపు కొట్టించాడు: స్టోర్ నిర్వాహకురాలి చేతి పొరపాటువలన తొమ్మిదవ గడియందు తప్పు అంకె పడినది, సున్నగా సవరించగలరు. అధికారితో ఫోనులో మాట్లాడాననీ, వాళ్ళకీ అదే కావాలనీ, సంతకం పెట్టేస్తే ఫైలు మూసేస్తారనీ చెప్పాడు. పెట్టకపోతే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే డ్రమ్ము రాదు, డ్రమ్ము రాకపోతే బ్రష్షులు కడిగేదెవరు, పద్దెనిమిది మంది ఇళ్ళకి పోవాలి, మేస్త్రీ కూతురికి కాలేజీ, జిగురు కలిపేవాడికి కొత్తగా పుట్టిన కవలలు. ఇవన్నీ ఒక్క సున్నలో ఇమిడిపోతాయి. పొద్దున బయల్దేరినప్పుడు సంతకం పెట్టేద్దామనే బయల్దేరింది, కళ్ళజోడు మరిచిపోకపోతే ఈపాటికి పెట్టేసి ఉండేది కూడా.

"ముప్పై రెండు" అని కేకేశారు. ముప్పై ఒకటి బయటికి వచ్చి ఎవరినీ చూడకుండా మెట్లు దిగిపోయాడు. ఎక్కడి నుంచో వాసన. ఆమె ముక్కు ఎగబీల్చింది. పంతొమ్మిదేళ్ళ ముక్కు, పొరపాటు పడదు. టోకెన్ల కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి దూదితో గోళ్ళరంగు తుడుచుకుంటోంది, పక్కన మూత తీసిన చిన్న సీసా. రంగు తుడిచే ఆ మందు కూడా చాలావరకు అసిటోనే. నియంత్రిత రసాయనాల విభాగంలో, నియంత్రణ కిటికీ దగ్గర, మూత లేకుండా, ఫంకా కింద. గంటకి ఎంత పోతుందో ఆమె మనసులోనే లెక్కకట్టింది, అలవాటు, ఒక చెంచాడు పోతుంది, ఫంకా కింద కాబట్టి రెండు వేసుకోవచ్చు. ఎవరు రాస్తారు దీన్ని, ఏ గడిలో. లేచి వెళ్ళి మూత పెట్టమ్మా అని చెబుదామనుకుంది, మూత పెట్టడం ఆమెకు ఊపిరి పీల్చడమంత అలవాటు, కానీ ఆ అమ్మాయి ఎంతో శ్రద్ధగా చిటికెన వేలు తుడుచుకుంటోంది, అందులోనూ టోకెను ఇచ్చేది తనే. పక్కనాయన కళ్ళు తెరిచాడు, వాసనకి కాబోలు.

"మీది ఎన్ని లీటర్లండీ?" అన్నాడు, ఆసుపత్రిలో పక్క మంచం రోగిని అడిగినట్టు.

"పద్నాలుగు. మీది?"

"రెండు సీసాలు. అర లీటరువి. కాలేజీ ల్యాబుకి. ఇది మూడోసారి రావడం." ఆయన చేతిలోని ఫైలు తెరిచి చూసుకున్నాడు. "మొదటిసారి ఫొటో పాతదన్నారు. రెండోసారి కొత్త ఫొటో తెస్తే గుర్తింపు కార్డులో మొహంతో కలవలేదన్నారు."

"మరి ఇప్పుడు?"

"పాత ఫొటోయే తెచ్చాను" అని ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఆరు ఆయనే.

నవ్వొచ్చింది గానీ పూర్తిగా రాలేదు. ఇలా కాళ్ళరిగేలా తిప్పేవాళ్ళని చూస్తే ఎవరికైనా చిరాకే, కానీ ఈ రూలే వద్దు, ఎవరి డ్రమ్ము వాళ్ళిష్టం అనడానికి ఆమెకు నోరు రాదు. మత్తు అంటే ఏమిటో ఆమె పేపర్లో చదివి తెలుసుకోలేదు, తమ్ముడి మొహంలో చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు మొదలైంది వాడికి, ఐదేళ్ళు సాగింది. బుగ్గలు లోపలికి పోయి, చేతులు ఒకచోట నిలవక, అక్కా ఒక్కసారికే అక్కా అని. ఇంట్లో ముందు చెంచాలు పోయాయి, తర్వాత గోడ గడియారం, తర్వాత రేడియో. అమ్మ ప్రతిసారీ ఒకటే మాట అనేది, మనమే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటాం. గోడకి గడియారం ఉన్నచోట తెల్లగా గుండ్రంగా మచ్చ కనబడుతుంటే, మనమే ఎక్కడో పెట్టి ఉంటాం. చెంచాలు పన్నెండింటిలో నాలుగు పోతే, ఉన్నది ముగ్గురం, పన్నెండు దేనికే, ఎనిమిది చాలవూ అని మిగిలినవి సర్దిపెట్టింది. వాడు ఇంకో నాలుగు తీసుకుపోతే, నాలుగు చాలవూ అంది. చివరికి ముగ్గురికీ చెంచా ఒక్కటే మిగిలింది, ఒకరు తిన్నాక ఒకరు కడుక్కుని వాడేవాళ్ళు. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళు కాదు, అడిగితే వాడు వెళ్ళిపోతాడని అమ్మ భయం. ఇన్నేళ్ళకీ ఆ చెంచా తలుచుకుంటే ఆమెకు ఏడుపు రాదు, కోపం వస్తుంది, అమ్మ మీద, వాడి మీద, నోరు మూసుకుని కుక్కిన పేనులా కూర్చున్న తన మీద. వాడు బాగుపడ్డాడు, నిజమే. ఆసుపత్రిలో రెండుసార్లు పెట్టారు, మొదటిసారి పారిపోయాడు, రెండోసారి నిలిచాడు, ఐదేళ్ళయింది ముట్టుకుని. కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, చిన్న కొట్టు పెట్టాడు, చేతులు ఇప్పుడు ఎంత నిదానంగా ఉంటాయంటే సూదిలో దారం ఒక్క దెబ్బకి ఎక్కిస్తాడు. అమ్మ ఆ చేతులు చూసే పోయింది, మూడేళ్ళ కిందట.

"ముప్పై మూడు. ముప్పై మూడు లేరా? ముప్పై నాలుగు." లోపల్నుంచి దగ్గు, కాగితాలు తిప్పుతున్న చప్పుడు, ఎవరో బతిమాలుతున్న గొంతు. ఆమె రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ సున్న. నెలనెలా చిత్తుకాగితం మీద ఎంత వచ్చేదో అంకెలు గుర్తులేవు, చింపేసినవి గుర్తుండవు, కానీ రోజుకి ఎంత కలిపేదో చేతికి గుర్తుంది. యాభై. ఎప్పుడూ యాభై. ఎండాకాలం అరవై, వానాకాలం నలభై. కాదు, ఒక ఏడాది యాభై చాలలేదు, ఆ మరుసటి ఏడూ అంతే. నూరు కలిపినా చాలక నూట ఇరవై రాసేది, ఇదేమిటి ఈ ఏడు గాలి ఇంత కక్కుర్తి పడుతోంది అనుకుని, ఆ ఏడు ఎండలు ఎక్కువ కదా అని సరిపెట్టుకుంది. మేస్త్రీతో కూడా అంది, ఎండలకి డ్రమ్ము సగం ఆవిరైపోతోందయ్యా అని. ఏ ఏడాది మొదలైంది అది? తాత పని మానేసిన తర్వాతి ఏడు. అమ్మ భోజనం డబ్బా తమ్ముడి చేత పంపించిన ఏడు. పని లేకుండా తిరుగుతున్నాడు, ఈ వంకనైనా రోజూ ఒక చోటికి వెళ్తాడని అమ్మ పంపేది, వాడు పన్నెండున్నరకి ఠంచనుగా వచ్చేవాడు. స్టోరులో వాసనకి అన్నం సయించదని ఆమె బయట అరుగు మీద కూర్చుని తినేది. నువ్వు తినిరా అక్కా, నేను ఇక్కడ కూర్చుంటాలే, అనేవాడు. కాస్త బుద్ధొచ్చినట్టుందే, అనేది అమ్మ. కానీ ఆ అరుగు పొడిగా ఉన్నది ఎన్ని రోజులు? ఆ ఏడు అరుగు ఎప్పుడూ తడిగా ఉండేది, అట్టముక్క వేసుకుని కూర్చునేది, స్టోరు కప్పు కారి డ్రమ్ముల మధ్య బక్కెట్లు పెట్టారు, బక్కెట్లలో టప్ టప్ మని చప్పుడు, రిజిస్టరు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టింది. ఆ ముడతలు ఇప్పటికీ అట్ట మీద ఉన్నాయి. ఆ ఏడు ఎండలు లేవు. ఆ ఏడు ఆరు నెలలు వానే.

అంటే. అంటే ఏముంది, అనుకుంది, గాలికి వాన ఏమిటి ఎండ ఏమిటి, మూత సరిగ్గా పడలేదేమో, కొత్త డ్రమ్ము చిల్లేమో, కొలకర్ర గాట్లు అరిగాయేమో. మనమే ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటాం. ఆ మాట తన లోపల అమ్మ గొంతుతోనే వినబడేసరికి ఆమె ఉలిక్కిపడింది. ఎవరో ఒకరు తీస్తున్నారా లేదా చెప్పడానికే కదా ఆ రిజిస్టరు ఉన్నది. అదొక్కటే దాని పని. ఆ ఒక్క పనీ చెయ్యకుండా పద్దెనిమిదేళ్ళు తన చేత్తోనే దాని నోరు నొక్కింది. చిత్తుకాగితాలు దాచుకున్నా తెలిసేది, ఈ నెల లీటరుంపావు, వచ్చే నెల మూడు, ఇంకో నెల మూడున్నర అని వరసగా కనబడేది, కానీ చక్కగా, శుభ్రంగా, నాలుగు ముక్కలుగా చింపి పారేసింది. ఎవరన్నా మెచ్చుకుంటే మురిసిపోయింది కూడా. ఇదంతా ఈ నోటీసు రాసినవాడికి తెలియదు, యజమానికి తెలియదు, ఈ బెంచీ మీద కూర్చుని ఆమెకే ఇప్పుడు తెలుస్తోంది. యజమాని కాగితం మీద సంతకం పెడితే ఇక ఎవరికీ తెలియదు. ముప్పై అయిదు కూడా అయిపోయింది. ల్యాబు మాస్టారు లోపలికి వెళ్ళి రెండు నిమిషాల్లో బయటికి వచ్చి, ఆమె ముందు ఆగి, "ఫొటో పాతదన్నారు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తమ్ముడు మెట్లెక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతులకి మిషను నూనె, చొక్కా జేబులో కళ్ళజోడు.

"ఇదిగో. ఆలస్యమైందా?"

ఆమె తీసుకుంది గానీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే వాడి మొహం స్పష్టంగా కనబడుతుంది.

"ఒరేయ్, ఒకటి అడుగుతాను. నా స్టోరులోంచి ఎప్పుడన్నా తీశావా?"

తమ్ముడు దేన్ని అని అడగలేదు. జేబులోంచి గుడ్డపీలిక తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"ఏ ఏడాది సంగతక్కా?"

ఏ ఏడాది సంగతట. ఏడాదికో లెక్క ఉన్నట్టుంది దొరగారికి. లాగి ఒక్కటి ఇద్దామనిపించింది, అందరూ చూస్తున్నారని కాదు, చెయ్యి లేవలేదు. "ఎన్నేళ్ళురా?" అంది.

"రెండేళ్ళు. నెలకో సీసా. ఒక్కోసారి రెండు. అది ఇస్తే వాళ్ళు నాకు కావలసింది ఇచ్చేవాళ్ళు." వాడు గొంతు తగ్గించలేదు, పెంచనూ లేదు. "నీకు తెలుసనుకున్నాను."

"నాకెలా తెలుస్తుంది?"

"లెక్క చూసేది నువ్వే కదా. మొదటి నెల ఆఖరున భయంతో చచ్చాను, అక్కకి దొరికిపోతానని. దొరకలేదు. రెండో నెలా దొరకలేదు. అక్కకి తెలిసే ఊరుకుంటోంది, అమ్మలాగా, అనుకున్నాను." గుడ్డపీలిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు పట్టుకుంటే బాగుండునని కూడా అనుకునేవాణ్ణి. నిజంగానే."

"ముప్పై ఏడు" అని లోపల్నుంచి పిలుపు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. యజమాని కాగితం విప్పి మొదటిసారి తిన్నగా చదివింది, చేతి పొరపాటు అన్న మాట దగ్గర కాసేపు ఆగింది, మళ్ళీ ఉన్న మడతల మీదే మడిచి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకో. నూనె అంటించకు, ఆయనకి తిరిగివ్వాలి."

"సంతకం పెట్టలేదు నువ్వు."

"కనబడుతోందిగా."

"అక్కా." వాడు లేచి నిలబడ్డాడు. "లోపల నా సంగతి చెబుతావా?"

"నీ సంగతి నాకేం తెలుసురా. ఇంతసేపూ తెలియదుగా. నాకు తెలిసింది నా చేతిరాత, అది చెబుతాను" అని, సంచి చంకన పెట్టుకుని, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. వెనక తలుపు వేసింది, అది ఎప్పట్లాగే మూరెడు తెరుచుకుంది.

అధికారికి జలుబు. రుమాలు ఒక చేతిలో, కలం ఒక చేతిలో. వయసులో తమ్ముడికంటే చిన్నవాడే అయ్యుంటాడు. "మీ యజమాని ఫోన్ చేశారమ్మా. చేతి పొరపాటే కదా? ఆ లెటర్ ఇచ్చి వెళ్ళండి" అన్నాడు, అప్పటికే ముద్ర తీసి దగ్గర పెట్టుకున్నాడు పాపం.

"పొరపాటే సార్. కానీ ఈ ఏడాదిది కాదు. ఈ ఏడాది పద్నాలుగు లీటర్ల ఆరు వందలూ సరిగ్గానే ఉంది. తప్పు ముందు పద్దెనిమిదేళ్ళవి."

అతను ముక్కు తుడుచుకోవడం ఆపాడు. ఆమె చెప్పింది. మూడు గడుల సంగతి, యాభై మిల్లీలీటర్ల సంగతి, చిత్తుకాగితాలు చింపడం, అన్నీ వరసగా, తాత మాట తప్ప, ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆయన్ని ఇందులోకి లాగడం దేనికి. చెబుతున్నంత సేపూ ఆమెకు భయం వేయలేదు, విసుగే వేసింది, ఇంత చిన్న సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందా అని. అధికారి మొహం రానురానూ వాడిపోయింది. ముద్ర కొట్టి మూసేయాల్సిన ఫైలు కళ్ళముందే పద్దెనిమిది ఫైళ్ళయితే ఎవరి మొహమైనా వాడిపోతుంది.

"అమ్మా, మీకు అర్థం కావడం లేదు. సున్న అని రాసిస్తే అయిపోయేదానికి ఇదంతా నా దగ్గర ఎందుకు చెబుతున్నారు?"

"వాస్తవం రాయమని మీరే గీత గీసి పంపారు సార్."

అతను రిజిస్టరు తన వైపు లాక్కుని, ముడతలు పడిన అట్ట తెరిచి, నాలుగు పేజీలు తిప్పాడు. ఎంత ముద్దైన దస్తూరీ. తిప్పుతూ తిప్పుతూ ఆగి, తల ఎత్తి, ఆమె భయపడుతున్న ప్రశ్నే అడిగాడు.

"మీరిలా కప్పిపెడుతుంటే, ఆ మాటున ఎవరన్నా నిజంగానే తీసుకుపోయి ఉంటే? మీకెలా తెలుస్తుంది?"

గాలి సార్ అని చెప్పొచ్చు. గాలి ఎవరికీ సాక్ష్యం చెప్పదు. మూత సరిగ్గా పడలేదేమో సార్, గాట్లు అరిగాయేమో సార్, ఇంట్లో అమ్మ దగ్గర నేర్చిన జవాబులు ఎన్నో నాలుక చివరే ఉన్నాయి. తెలియదు సార్ అనీ చెప్పొచ్చు, పావుగంట కిందటైతే అది నిజం కూడా అయ్యేది. వాడు మానేసి ఐదేళ్ళయింది, కొట్టు పెట్టుకున్నాడు, చేతులు వణకడం లేదు. ఆమె నోరు తెరిచింది, ఏం చెప్పబోతోందో ఆమెకే తెలియదు. ఆ మూరెడు సందులోంచి టోకెన్ల కిటికీ దగ్గరి మాటలు వినబడ్డాయి.

"నాకో టోకెన్ కావాలండి."

"ఏ రసాయనం?" గోళ్ళరంగు అమ్మాయి గొంతు.

"అసిటోన్."

"కొత్త లైసెన్సా, రెన్యువలా?"

"రెండూ కాదండి. ఇప్పుడు లోపలికి వెళ్ళినావిడ స్టోరులో తక్కువ పడింది ఉంది చూడండి, అందులో రెండేళ్ళది నేను తీసింది. ఆ సంగతి చెప్పాలి."

ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు. "దానికి ఫారం లేదండీ" అంది ఆ అమ్మాయి చివరికి.

"ఫర్వాలేదు, కూర్చుంటాను. నంబరు ఇవ్వండి."

సీసాకి మూత బిగించిన చప్పుడు, టోకెన్ చింపిన చప్పుడు. నలభై రెండు, అంది ఆ అమ్మాయి. అధికారి చేతిలో కలం గాలిలోనే ఉంది, అతను ఒకసారి తలుపు వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. స్టోరక్క కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అద్దాలు అంతకుముందు శుభ్రంగానే ఉన్నాయి.

"ముందు ఆ తలుపు వేసి రండమ్మా" అన్నాడు అతను, గొంతు బాగా తగ్గించి.

ఆమె కుర్చీలోంచి కదల్లేదు.

"అది మూసుకోదు సార్" అంది.